ఉభయ భాషల మన యువత – ఉర్దూ భవితవ్యం

ఇంటర్మీడియట్ ప్రవేశాలు మొదలుకాగానే ప్రతి దరఖాస్తు ఫారంలోను ఒక చిన్న గడి విద్యార్థికి ఎదురవుతుంది. ‘ద్వితీయ భాష’ అన్నది దాని పేరు. తక్కిన గడులన్నీ పేరు, ఊరు, తండ్రి వృత్తి వంటి సిద్ధమైన విషయాలను అడుగుతాయి. ఈ ఒక్క గడి మాత్రం జరుగబోయే దానిని అడుగుతుంది. ఉర్దూ మాట్లాడే ఇంట పుట్టి, తెలుగు మాట్లాడే వీధిలో పెరిగి, ఇంగ్లీషు మాధ్యమంలో పదవ తరగతి ముగించిన బాలుడో బాలికో ఆ గడి ముందు కలం పట్టుకొని ఎంతసేపు ఆలోచిస్తారు? అరనిమిషం. ‘దేనిలో మార్కులు ఎక్కువ వస్తాయి?’ అన్న ప్రశ్నతో మొదలైన ఆలోచన ఆ ప్రశ్నతోనే ముగుస్తుంది. తరచుగా ఆ గడిలో సంస్కృతం చేరుతుంది. పాపం, కాళిదాస మహాకవికి ఈ ఆదరణ కవిత్వం వలన వచ్చినది కాదు, మార్కుల పుణ్యమా అని వచ్చినది. ఈ విషయంలో తెలుగు ఇళ్ళ పిల్లలు ఉర్దూ ఇళ్ళ పిల్లలకు ఏమాత్రం తీసిపోరు. తెలుగు తరగతిలో బల్లలు ఖాళీగా ఉండటం, పక్క గదిలో ఉర్దూ తరగతిలో బల్లలు ఖాళీగా ఉండటం మేము ఒకే కిటికీ నుండి చూస్తున్నాము.

తెలుగు పాఠం చెప్పి జీవించే మాకు ఉర్దూ సంగతి ఎందుకని కొందరు అడుగవచ్చు. మాకు ఇంటి భాష ఉర్దూ, వృత్తి భాష తెలుగు. ఒకటి అమ్మ ఇచ్చినది, రెండవది విశ్వవిద్యాలయం ఇచ్చినది. అందుచేత ఈ రెండింటిలో దేని గురించి మాట్లాడినా పరాయివారి సొత్తు గురించి మాట్లాడుతున్నామన్న బెరుకు మాకు లేదు. అంతేగాక ఉర్దూను గురించి ఉర్దూ పండితులు సభలలో చెప్పే మాటలు ఎక్కువగా ఉర్దూ చదువగలవారికే చేరుతున్నవి. చేరవలసిన వారు ఉర్దూ చదువలేరు, తెలుగు చదువుతారు. ఈ వ్యాసాన్ని పత్రికలోని ఈ భాగంలో వ్రాయడానికి కారణం అదే.

ముందుగా ఉన్న స్థితిని ఉన్నట్లు చెప్పుకుందాము. 2001 జనగణనలో దేశం మొత్తం మీద ఉర్దూను మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 5.15 కోట్లు. 2011లో వారి సంఖ్య సుమారు 5.07 కోట్లు. పదేళ్ళలో దేశ జనాభా పెరిగింది, ముస్లిం జనాభా పెరిగింది, ఉర్దూ వారి లెక్క తరిగింది. 2021లో జరుగవలసిన జనగణన జరుగనే లేదు కనుక ఆ తరువాతి లెక్క మన వద్ద లేదు. ఈ తరుగుదల అంతా ఉత్తర భారతంలోనిదే, దక్కనులో మనకేమీ ఫరవాలేదని ధైర్యం చెప్పేవారు ఉన్నారు. ఇళ్ళలో ఉర్దూ వినిపించినంత కాలం ఆ ధైర్యం కొంత నిజమే. కాని జనగణన అధికారి ‘మీ మాతృభాష ఏది?’ అని అడుగుతాడే గాని ‘ఆ భాషలో ఒక ఉత్తరం చదువగలరా?’ అని అడుగడు. ఆ రెండవ ప్రశ్న అడిగితే ఏమి తేలుతుందో మన తరగతి గదులలో చూస్తున్నాము.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లో చేరింది. అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పించే ఏర్పాట్లు చేయాలని అది రాష్ట్రాలకు చెప్పింది. ఉర్దూ స్థితిని పరిశీలించుటకు 1972లో ఇందర్ కుమార్ గుజ్రాల్ అధ్యక్షతన నియమింపబడిన సంఘం 1975లో తన నివేదిక ఇచ్చింది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998లో హైదరాబాదులో వెలసింది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేర ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో ఏర్పడింది. తెలంగాణ 2017లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండవ అధికార భాష చేసింది. ఆంధ్రప్రదేశ్ 2022లో అదే పని చేసింది. ఇవన్నీ మంచివే. కార్యాలయపు బోర్డు మీద మూడవ పంక్తిలో ఉర్దూ కనపడుతున్నది. ఆ పంక్తిని చదివేవాడు ఏడి? బోర్డు వ్రాసిన చిత్రకారుడు సైతం చాలా చోట్ల ఆ అక్షరాలను బొమ్మలుగా దించినవాడే గాని చదివినవాడు కాదు. ఒక చుక్క ఎగిరిపోయి మరొక చోట వ్రాలిన బోర్డులు మన పట్టణంలోనే కావలసినన్ని కలవు. ఎవరూ ఫిర్యాదు చేయరు, ఎందుకంటే ఎవరూ చదువరు.

నేటి మన యువకుడు ఉర్దూలో నవ్వుతాడు, అలుగుతాడు, అమ్మతో పోట్లాడతాడు. గజల్ వింటాడు, ‘వాహ్’ అంటాడు. మిత్రునికి సందేశం పంపవలసి వచ్చేసరికి ఇంగ్లీషు అక్షరాలలో పంపుతాడు. ఆ అక్షరాలలో తకారానికి, టకారానికి భేదం లేదు. దకారానికి, డకారానికి భేదం లేదు. తెలుగు పిల్లలు తమ తెలుగును కూడ అలాగే వ్రాస్తున్నారు. వారి ‘తాత’కు, బండి ఎక్కి చెప్పే ‘టాటా’కు ఒకే గతి పట్టింది. ఫోనులో ఉర్దూ అక్షరాల పలక ఉన్నది, తెలుగు అక్షరాల పలకా ఉన్నది. రెండూ వ్రేలి కొసకు దూరాన లేవు. లేనిది అలవాటు మాత్రమే. అమ్మమ్మ పెట్టెలో దొరికిన ఉత్తరాన్ని, తాతగారి పేర ఉన్న పాత దస్తావేజును, చివరకు తన కుటుంబపు సమాధి ఫలకాన్ని చదువలేక మరొకరిని బతిమాలుకునే స్థితిలో చదువుకున్న యువకుడు ఉన్నాడు. ఆస్తి తగాదా వచ్చినప్పుడు గాని ఆ లోటు లోటని తోచదు.

ఇక ఈ లోటుకు కారణాలు చెప్పమంటే ఇంగ్లీషు, ఉద్యోగాలు, ప్రభుత్వ నిర్లక్ష్యం అని అందరమూ గడగడ చెబుతాము. అవి నిజమే, నలుగురూ చెప్పినవే, వాటిని మళ్ళీ ఇక్కడ విస్తరింపము. వీటితో పాటు ఒక కారణం మన ఇంట్లోనే ఉన్నదని మా అభిప్రాయం. అది సిగ్గు. మన బిడ్డ ఇంట మాట్లాడేది దక్కనీ. బడిలో ఉర్దూ పుస్తకం తెరిస్తే అందులో ఉన్నది లక్నో, ఢిల్లీల నుడికారం. అతడు ‘నక్కో’ అంటే పంతులుగారు నవ్వుతారు. ‘కైకూ’ అంటే ‘క్యోఁ’ అని దిద్దుతారు. ‘కితాబాఁ’ అంటే ‘కితాబేఁ’ అనమంటారు. నాలుగుసార్లు దిద్దబడినవాడు ఐదవసారి నోరు తెరవడు. తన భాష తప్పుల మూట అని నమ్మిన పిల్లవాడు ఆ భాష తరగతికి ఎందుకు వస్తాడు? తప్పులు ముందే తీసివేసిన ఇంగ్లీషు తరగతికి వెళతాడు.

భాషా విద్యార్థులుగా మేము ఈ సిగ్గును ఒప్పుకోలేము. దక్కనీ తప్పుల మూట కాదు. దానికి నియమాలు కలవు. ఆ నియమాలలో మన తెలుగు కూర్చొని ఉన్నది. ఉదాహరణకు ‘రేపు వస్తానని చెప్పాడు’ అన్న తెలుగు వాక్యం తీసుకోండి. గ్రాంథిక ఉర్దూలో ముందు ‘చెప్పాడు’ అని, ఆపైన ‘కే’ అనే అవ్యయం పెట్టి, ఆ వెనుక చెప్పిన మాట చెబుతారు. దక్కనీలో ‘కల్ ఆతూఁ బోల్‌కే బోలా’ అంటారు. చెప్పిన మాట ముందు వచ్చింది, ‘అని’ అన్న చోట ‘బోల్‌కే’ వచ్చింది, క్రియ చివర నిలిచింది. అను ధాతువు నుండి మన ‘అని’ పుట్టినట్లే బోల్ ధాతువు నుండి ‘బోల్‌కే’ పుట్టింది. పోలిక అంతటితో ఆగలేదు. ‘ఎండగా ఉందని రాలేదు’ అనే చోట తెలుగు ‘అని’ కారణాన్ని చెబుతుంది. దక్కనీవాడు కూడ ‘ధూప్ హై బోల్‌కే నైఁ ఆయా’ అంటాడు. ఎండ ఎవరితోను ఏమీ చెప్పలేదు గదా! లక్నో వారికి ఇది వింతగా వినిపిస్తే వారి తప్పు కాదు; వారి పొరుగున తెలుగువారు లేరు.

మరొకటి. ‘నిన్న వచ్చినవాళ్ళు’ అని మనము ఒక్క విశేషణంతో చెప్పేదానిని ఉర్దూ వ్యాకరణం ‘ఎవరైతే నిన్న వచ్చారో వారు’ అన్న తీరులో రెండు ముక్కలు చేస్తుంది. దక్కనీ మాత్రం ‘కల్ ఆయే సో లోగాఁ’ అని మనవలెనే ఒక్క ముక్కలో ముగిస్తుంది. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. వినేవానిని కలుపుకుంటే మనము, విడిచిపెడితే మేము. ఉర్దూలో రెండింటికీ ‘హమ్’ ఒక్కటే. దక్కనీలో ‘హమ్’తో పాటు ‘అపన్’ కూడ ఉన్నది. వినేవానిని కలుపుకొని చెప్పే మాట అది. ‘నక్కో’, నొక్కి చెప్పుటకు మాట చివర వచ్చే ‘ఇచ్’ మరాఠీ పొరుగువారివి. ఇన్ని ఇళ్ళ ఉప్పు తిన్న భాషను అశుద్ధమనుట ఎంత అన్యాయం! ఇన్ని వందల ఏళ్ళు ఇరుగుపొరుగున ఉండి ఒకరి వాక్యం ఒకరికి అంటకుండ ఉండిపోతే అప్పుడు కదా సిగ్గుపడవలసినది.

ఇచ్చినదే గాక పుచ్చుకున్నది కూడ చెప్పాలి. మన తెలుగు రైతు ‘జమ’, ‘బాకీ’, ‘వసూలు’, ‘హద్దు’ అన్న మాటలు లేకుండ ఒక్క రోజు గడుపలేడు. ఆ ‘రోజు’ కూడ అటునుండి వచ్చినదే. వకీలు, ఖైదీ, ఫిర్యాదు, మంజూరు, రద్దు, సిఫారసు, సరిహద్దు: ఈ మాటలను పరాయివని తీసివేస్తే మన కచేరీలలో గుమస్తాలు మూగనోము పట్టవలసి వస్తుంది.

చరిత్ర చూసినా దక్కనీ చిన్నబోవలసిన పని లేదు. గోలకొండను 1580 నుండి 1612 వరకు పాలించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ దక్కనీలోనే పెద్ద దీవాను వ్రాశాడు. వసంతోత్సవాన్ని, మృగశిర కార్తె వానను వర్ణించాడు. ముల్లా వజ్‌హీ 1635లో ‘సబ్‌రస్’ అన్న వచన కావ్యాన్ని వ్రాశాడు. ఢిల్లీ కవులు అప్పటికి ఫారసీలో కవిత్వం చెబుతున్నారు. దక్కను కవి వలీ దీవాను పద్దెనిమిదవ శతాబ్ది తొలినాళ్ళలో ఢిల్లీ చేరిన తరువాతనే, జనం మాట్లాడే ఈ భాషలో కవిత్వం చెప్పవచ్చునన్న ధైర్యం వారికి కలిగిందని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. అంటే అక్క ఇక్కడ ఉన్నది, చెల్లెలు అక్కడ ఉన్నది. చెల్లెలి నగలు చూసి అక్క ముసుగు వేసుకున్నది! సులేమాన్ ఖతీబ్ వంటి కవి ఈ దక్కనీలో ముషాయిరాలలో నవ్వించి, నవ్వుతూ ఉండగానే కన్నీరు పెట్టించినాడు. హైదరాబాదులో 1965లో మొదలైన ‘అద్రక్ కే పంజే’ నాటకం ఏళ్ళ తరబడి ఆడింది. ప్రజ సిగ్గుపడలేదు. సిగ్గుపడినది బడి.

మా తరగతిలో ఒక విద్యార్థిని తెలుగు కథ ఒకటి వ్రాసి తెచ్చింది. అందులోని నానమ్మ తెలుగులో మాట్లాడుతున్నది, అదీ పాఠ్యపుస్తకపు తెలుగులో. ‘మీ నానమ్మ ఇలాగే మాట్లాడుతుందా?’ అని అడిగాము. ‘లేదు సార్, ఆమె భాష రాస్తే బాగుండదు’ అన్నది. వ్రాసి చూడమన్నాము. తెలుగు లిపిలోనే, నానమ్మ అన్న మాటలు అన్నట్లుగా వ్రాసి తెచ్చింది. కథకు ప్రాణం వచ్చింది. ఇది మేము కనిపెట్టిన వైద్యం కాదు. 1998లో వచ్చిన ‘జల్‌జలా’ కవితా సంకలనం, 1999లో వచ్చిన ‘దర్గామిట్ట కథలు’, 2004లో వచ్చిన ‘వతన్’ కథా సంకలనం ముస్లిం ఇంటి పలుకును తెలుగు పుటల మీదికి తెచ్చి ఎంతో కాలమైనది. అవి మన గ్రంథాలయంలో ఉండవలసిన పుస్తకాలు.

ఇక్కడ ఒక చేదు చరిత్రను కూడ దాటవేయకుండ చెప్పుకోవాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసింది. వైద్యం, ఇంజనీరింగుతో సహా ఒక భారతీయ భాషలో బోధించిన ఆ ప్రయోగం ఘనమైనదే. దారుల్ తర్జుమా పండితులు శాస్త్ర గ్రంథాలను అనువదించిన కృషి నేటికీ ఆదర్శమే. కాని ఆ రాజ్యంలో ప్రజలలో అధిక సంఖ్యాకుల భాష ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడం. ఉర్దూ దర్బారు భాషగా పల్లకీ ఎక్కినప్పుడు తెలుగు బోయీలతో నడిచింది. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోగా గేలి చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఉర్దూ వారిలో ఈ మాట ఎత్తితే కొందరికి కోపం వస్తుంది. రానిండు. ఆ గాయాన్ని ఎరుగని వానికి నేడు ఉర్దూ పట్ల కొందరు తెలుగువారిలో ఉన్న ముభావం అర్థం కాదు.

అయితే ఆ చరిత్రలో మనకు కావలసిన పాఠం మరొకటి ఉన్నది. తెలుగుకు రాజాదరణ లేని ఆ నగరంలోనే 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించారు. తెలంగాణంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఒక గది, కొన్ని పుస్తకాలు, ఒక పత్రిక, ఒక సంచిక. సర్కారు ఉత్తర్వు ఒక్కటీ లేదు. నేడు ఉర్దూకు ఉత్తర్వులు ఉన్నవి, విశ్వవిద్యాలయాలు ఉన్నవి, అకాడమీలు ఉన్నవి. వీధిలో గది మాత్రం లేదు. నాటి తెలుగువారి నుండి నేటి ఉర్దూవారు నేర్వవలసినది చాలా ఉన్నదని మేము అంటున్నాము. దీనిలో చిన్నతనమేమీ లేదు. గోలకొండ సుల్తాను ఇబ్రహీం తెలుగు కవులను పోషించి మల్కిభరాముడని పిలిపించుకున్నాడు. పటాన్‌చెరువు ఏలిక అమీన్ ఖాన్ పొన్నెగంటి తెలగనార్యుని ‘యయాతి చరిత్ర’కు, మన తొలి అచ్చతెలుగు కావ్యానికి, కృతిపతి అయ్యాడు. నేర్చుకొనుటలో మన పెద్దలు చిన్నతనం చూడలేదు.

ఉర్దూ రానంత మాత్రాన ముస్లిం కాడన్న మాట మన వారిలో ఒకటి ప్రచారంలో ఉన్నది. ఇది భాషకూ హాని, సమాజానికీ హాని. కోస్తా పల్లెలలో, రాయలసీమలో ఇంట తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు ఎన్నో కలవు. దూదేకుల సోదరులలో పెక్కుమందికి తెలుగే తల్లి భాష. పిఠాపురం ఉమర్ ఆలీషా కవిగారు తెలుగులో కావ్యాలు వ్రాశారు. ఆయన విశ్వాసానికి తెలుగు అడ్డం రాలేదు. ఒక ఉర్దూ ఇంటి పిల్ల తెలుగు ఇంటి ముస్లిం పిల్లను చూసి మూతి విరిస్తే ఉర్దూకు ఒక మిత్రుడు తగ్గాడని తెలుసుకోవాలి. అదేవిధంగా ఉర్దూ ముస్లింల భాష మాత్రమే అన్నవారు దాశరథి కృష్ణమాచార్యగారి ‘గాలిబ్ గీతాలు’ను, ఆదిలాబాదు సీమకు చెందిన సామల సదాశివగారు ఉర్దూ సాహిత్యాన్ని గురించి తెలుగులో చేసిన కృషిని ఏమి చేస్తారు? గాలిబ్‌ను తెలుగువానికి పరిచయం చేసినది ఎక్కువగా ముస్లిమేతరులే అన్న సంగతి మనకు సంతోషాన్ని, కొంచెం చురకను కూడ కలిగించాలి. ఆ పని చేయవలసిన ఉభయ భాషల బిడ్డలు ఏ భాషా పూర్తిగా రాక కూర్చున్నారు.

మరి ఉపాయమేమి? న్యూజిలాండు మావోరీలు తమ భాష వృద్ధుల నోట మాత్రమే మిగిలి ఉన్న కాలంలో, 1982లో, ‘కోహంగ రేవో’ అనే శిశు పాఠశాలలను మొదలుపెట్టారు. ఆ మాటకు భాషా గూడు అని అర్థం. అవ్వలు, తాతలు పసిపిల్లలతో రోజంతా మావోరీలోనే మాట్లాడుతారు. ఐదేళ్ళ తరువాత, 1987లో, అక్కడ మావోరీ అధికార భాష అయింది. ముందు గూడు, తరువాత చట్టం. మన వద్ద చట్టం ముందు వచ్చి గూటి కోసం ఎదురు చూస్తున్నది. జాషువా ఫిష్మన్ అనే భాషా సామాజిక శాస్త్రవేత్త 1991లో ప్రకటించిన గ్రంథంలో కూడ ఇదే తేల్చాడు: ఇంటిలో తల్లి నుండి బిడ్డకు అందని భాషను కార్యాలయాలు, ప్రసార సాధనాలు నిలబెట్టలేవు. మన అదృష్టం ఏమిటంటే మన గూడు ఇంకా చెదరలేదు. నానీలు, దాదీలు ఉన్నారు. కాని యువ దంపతులు కొందరు పసిబిడ్డతో ఇంగ్లీషులో ముద్దు మాటలాడుతున్నారు. నానీ ఉర్దూలో పిలిస్తే ‘పిల్లవాడు కన్‌ఫ్యూజ్ అవుతాడు’ అంటున్నారు. రెండు భాషలతో పిల్లవాని బుర్ర చెడదు. చెడేటట్లయితే సరిహద్దు పల్లెలలో ఒక్క బుర్ర మిగిలేది కాదు. మన బజారులో పండ్లు అమ్మే బాలుడు ఉర్దూ, తెలుగు, హిందీ మూడింటా బేరమాడి సరిగ్గా చిల్లర ఇస్తున్నాడు.

లిపి విషయం ఇంకా తేలిక అని మా నమ్మకం. మన ఇళ్ళలో అధిక సంఖ్యాకులు బాల్యంలో నాజిరా చదివినవారే. ఖురాను అక్షరాలు వారికి వచ్చును. ఉర్దూలో వాటికి అదనంగా ఉన్నవి పే, టే, చే, డాల్, గాఫ్ మొదలైన పట్టుమని పది ఆకారాలు. ఆపైన రెండు ఇబ్బందులు కలవు: ఖురానులో వలె స్వర చిహ్నాలు ఉండవు, వ్రాత నస్తాలీకు ఏటవాలులో ఉంటుంది. మొదటి ఇబ్బంది భాష రానివానికి పెద్దది, వచ్చినవానికి చిన్నది. తెలిసిన మాటను కన్ను తానే పూరించుకుంటుంది. రెండవది కొన్ని వారాల అలవాటు. తెలుగు గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు నేర్చిన బుర్రకు ఇది గండశిల కాదు. ఇన్నేళ్ళు నాజిరా చదివించి, ఆ నాలుగు అడుగులు ఎవరూ నడిపించకపోవడమే ఆశ్చర్యం. ఉర్దూ మాట్లాడని తెలుగు ముస్లిం విద్యార్థికి, ముస్లిమేతర విద్యార్థికి ఎక్కువ కాలం పడుతుంది. వారిని అదే కొలతతో కొలువరాదు.

ఉర్దూ చదివితే ఉద్యోగం వస్తుందా అని తండ్రులు అడుగుతారు. ఉర్దూ ఒక్కటే చదివితే కొద్దిమందికే వస్తుంది. ఈ మాటలో దాపరికం అనవసరం. అయితే మేము ఇంగ్లీషు మానమనలేదు, తెలుగు మానమని అసలే అనము. తెలంగాణలో 2018 నాటి చట్టం బడులలో తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. మంచిది. ఆ చట్టం తెలుగును చేర్చమన్నది గాని ఉర్దూను తీసివేయమనలేదు. ఈ రాష్ట్రాలలో పుట్టి తెలుగు చదవని ముస్లిం బిడ్డ పోటీ పరీక్షలోనే గాక సంతలో, కోర్టులో, ఆసుపత్రిలో, ఊరి పంచాయితీలో కూడ వెనుకబడతాడు. తెలుగు, ఉర్దూ రెండూ చక్కగా చదివి వ్రాయగల వకీలుకు పాత దస్తావేజులు తమంతట తామే గుమ్మం ఎక్కుతాయి. విలేఖరికి, అనువాదకునికి, రోగి బాధను వినవలసిన వైద్యునికి కూడ అంతే. రెండింటిలో ఒకదానిని ఎన్నుకోమని మన బిడ్డను అడుగుతున్నది ఆ దరఖాస్తులోని గడి ఒక్కటే. గడిలో ఏది వ్రాసినా రెండవదాన్ని ఇంట విడిచిపెట్టవద్దని మా కోరిక.

చివరగా ఈ పత్రిక సంగతి. చదువరులు ఇప్పుడు చేతిలో పట్టుకొని ఉన్న సంచికను ఎడమ నుండి తెరిస్తే తెలుగు, కుడి నుండి తెరిస్తే ఉర్దూ. రెండు భాగాలు నడుమ ఎక్కడో వీపులు ఆనించుకొని నిలబడతాయి. తెలుగు చదివేవారు సగం చదివి మూస్తారు, ఉర్దూ చదివేవారు ఆ తట్టున సగం చదివి మూస్తారు. తన తమ్ముడు వ్రాసిన ఉర్దూ వ్యాసాన్ని అక్క చదువలేక దాచిపెట్టుకున్న ఇల్లు మన కళాశాల పరిధిలోనే ఉన్నది. వచ్చే సంచికలో ఆ నడిమి ఎనిమిది పుటలను ఉభయ భాషలకు కలిపి కేటాయించవలసినదిగా సంపాదక వర్గాన్ని కోరుతున్నాము. ఒక పుటలో ఉర్దూ, ఎదుటి పుటలో దాని తెలుగు. లేదా తెలుగు, దాని ఉర్దూ. కథలు, గజళ్ళు తరువాత చూసుకోవచ్చును. మొదట ప్రతి విద్యార్థి తన ఇంటి పెద్దల నుండి పది సామెతలు, ఐదు పొడుపు కథలు, ఒక జోలపాట సేకరించి రెండు లిపులలో వ్రాసి తేవాలి. దక్కనీని దిద్దరాదు, విన్నది విన్నట్లు వ్రాయాలి. ఉర్దూ లిపి రానివారు తెలుగు లిపిలో తెస్తే, వచ్చినవారు పక్కన కూర్చొని రెండవ ప్రతి తీస్తారు. ఆ పక్కన కూర్చొనుటయే మాకు కావలసినది.

ఉర్దూ శాఖ మిత్రులతో ఆలోచించి, గురువారాలు ఆఖరు పీరియడు తరువాత గ్రంథాలయంలో ఒక గంట లిపి తరగతి జరుపుటకు నిశ్చయించాము. అధ్యాపకులలో నేర్వదలచినవారు కూడ రావచ్చును. రుసుము లేదు, పరీక్ష లేదు, మార్కులు అసలే లేవు. గీతల నోటు పుస్తకం ఒకటి, పెన్సిలు ఒకటి తెచ్చుకుంటే చాలు.